అలా కూడా అంటారు

కొత్తగా పెళ్ళయి టోక్యో వచ్చిన ఒక జంటని ఆదివారం భోజనానికి పిలిచాం. అమ్మాయి వచ్చి పది రోజులే అయింది. నిద్ర చాలకో ఇంటి మీద బెంగతోనో మొహం వాడిపోయి ఉంది. ముద్దపప్పు, ఆవకాయ కంచంలో పడ్డాక కాస్త తేరుకుంది. సరిగ్గా అప్పుడే మా అయిదేళ్ళవాడు ఆవిడ పక్కన చేరి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, గొంతు సాగదీసి అడిగాడు.

"ఆంటీ... మీరు నాట్టోలో ఉల్లికాడలు వేసుకుంటారా?"

నాట్టో అంటే పులియబెట్టిన సోయా గింజలు. గరిటె పైకెత్తితే తీగలు తీగలుగా సాగుతాయి. వాసన సంగతి భోజనాల దగ్గర చెప్పకూడదు. ఆ అమ్మాయి అప్పటికి దాని పేరు కూడా విని ఉండదు, బిక్కమొహం వేసి వాళ్ళాయన వైపు చూసింది. ఆయనకేమో పొలమారింది. ఆరేళ్ళుగా ఇక్కడ ఉన్న మనిషి కాబట్టి, ఆ ప్రశ్న మావాడి సొంతం కాదని ఆయనకి తెలుసు. నొహరా షిన్నొసుకె అనే ఇంకో అయిదేళ్ళవాడు వీధిలో అందంగా కనిపించిన ప్రతి అమ్మాయినీ ఆపి అడిగే ప్రశ్న అది. మన దగ్గర షించాన్ అంటారే, వాడు.

ఆ రాత్రి గిన్నెలు కడుగుతూ "ఇక ఆ కార్టూన్ బంద్" అన్నాను. "సరే, బంద్" అన్నారు మా ఆయన. అప్పటికి ఆదివారమే కదా, శనివారం రావడానికి చాలా టైముందని ఆయన ధీమా.

శనివారం సాయంత్రం నాలుగున్నరకి షిన్-చాన్, ఐదింటికి డోరేమాన్. టీవీ అసాహీలో 2019 నుంచీ ఇదే వరస. మావాడు పుట్టిందీ ఆ ఏడే. మేముండే నిషికసాయి సంగతి తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. 2000 ప్రాంతంలో కంప్యూటర్ల పనుల మీద వచ్చిన మనవాళ్ళు, ఒక్క రైలెక్కితే ఆఫీసుల దగ్గర దిగొచ్చని ఇక్కడ చేరారు. ఇప్పుడు కందిపప్పుకీ కరివేపాకుకీ లోటు లేదు. మావాణ్ణి మాత్రం ఏడాది వయసు నుంచీ జపనీస్ హోయికుఎన్‌లోనే వేశాం. ఉద్యోగాలు చేసే అమ్మానాన్నల పిల్లల కోసం పెట్టిన బడి అది. అక్కడ టీచర్లు నన్ను పేరుతో పిలవరు, 'ఫలానా-కున్ నో మమా' అంటారు. రాజమండ్రిలో మా వీధిలోనూ అంతే, మా అమ్మ 'చిన్నారి వాళ్ళమ్మ' గానే బతికింది. ఆ పిలుపుకి నేను అలవాటు పడక్కర్లేకపోయింది. షిన్-చాన్‌కి అలవాటు పడటానికే చాలా కాలం పట్టింది.

నా కంప్లయింటు చిన్నది కాదు. వాడు పెద్దవాళ్ళతో మర్యాదగా మాట్లాడడు. అమ్మని 'మిసాఎ' అని పేరు పెట్టి పిలుస్తాడు. తోచనప్పుడు నిక్కరు కిందికి లాగేసి, 'బురి బురి' అంటూ పిర్రలు ఊపుకుంటూ పక్కకి నడుస్తాడు. మావాడు ఆ నాట్యాన్ని ఒక ఆదివారం వీడియో కాల్లో మా నాన్నగారి ఎదుట ప్రదర్శించాడు. మా నాన్నగారు రిటైరైన తెలుగు మాస్టారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "నెట్ సరిగ్గా లేనట్టుందమ్మా, మళ్ళీ చేస్తా" అని పెట్టేశారు. నెట్ బ్రహ్మాండంగా ఉంది.

నాదొక్కదానిదే చాదస్తం అనుకోవడానికి వీల్లేదు. జపాన్ పేరెంట్స్ సంఘాల సమాఖ్య జరిపే సర్వేల్లో, పిల్లలకి చూపించకూడదనుకునే కార్యక్రమాల జాబితాలో షిన్-చాన్ ఏళ్ళ తరబడి పై వరసలోనే ఉండేది. మన దేశంలో 2006లో హంగామా టీవీలో వచ్చింది. పిల్లలు పాడైపోతున్నారన్న గోల మీద 2008లో ఆపేశారు. తర్వాత కత్తిరింపులతో మళ్ళీ వచ్చింది. ఇడ్లీ చట్నీ దగ్గర కూడా ఏకాభిప్రాయం కుదరని తల్లులు, రెండు దేశాల్లోనూ ఈ ఒక్క పిల్లాడి మీద ఒకే మాటన్నారు.

నా బంద్ రెండు శనివారాలు నడిచింది. మూడో వారం హోయికుఎన్‌లో పిల్లలందరూ షిన్-చాన్‌కి ఇష్టమైన టీవీ హీరో యాక్షన్ కమెన్ ఆట ఆడుతుంటే మావాడొక్కడికీ తెలియక పక్కన నిలబడ్డాడని, టీచరు నోట్‌బుక్‌లో రెండు లైన్లు రాసింది. రోజూ అమ్మకీ టీచరుకీ మధ్య తిరిగే పుస్తకం అది. ఆమె తప్పేమీ పట్టలేదు, జరిగింది జరిగినట్టు రాసింది. నాకే గుచ్చుకుంది. నేను పక్కన కూర్చుంటేనే చూడాలి అన్న షరతు మీద మళ్ళీ పెట్టాను.

అదే నా కొంప ముంచింది. పక్కన కూర్చున్నదాన్ని నేనే చూడ్డం మొదలుపెట్టాను.

ఇది మొదట్లో పిల్లల కథే కాదట. 1990లో ఉసుయి యొషితొ దీన్ని 'మంగా యాక్షన్' అనే వారపత్రికలో మొదలుపెట్టారు. అది పెద్దవాళ్ళ పత్రిక, ఆఫీసులకి వెళ్ళే మగవాళ్ళు చదువుకునేది. 1992 ఏప్రిల్‌లో టీవీకెక్కాక పిల్లలు దాన్ని లాక్కున్నారు. మన బుడుగుదీ ఇలాంటి జాతకమే. ముళ్ళపూడి వెంకటరమణ పిల్లాడి గొంతుతో రాసి, బాపు బొమ్మలేసినా, పగలబడి నవ్వుకున్నది పెద్దవాళ్ళు. మా నాన్నగారి బీరువాలో ఉన్న పుస్తకాన్ని చిన్నప్పుడు నేను పదిసార్లు చదివాను. అందులో పెద్దవాళ్ళ గుట్లు ఎన్ని రట్టయ్యాయో నాకు పెళ్ళయ్యాక గానీ తెలియలేదు.

షిన్-చాన్ కూడా చూడగా చూడగా మిసాఎ కథ అయిపోయింది నాకు. ఆవిడకి 29. నాకు మావాడు పుట్టినప్పుడు సరిగ్గా అదే వయసు. ఆవిడ డైటింగ్ మొదలుపెట్టి మధ్యాహ్నానికి మానేస్తుంది. తగ్గింపు ధరల బోర్డు కనబడితే ఆగలేదు. పిల్లాడు బడికి వెళ్ళగానే పని చేసుకుందామనుకుని, టీవీ ముందు అలాగే వాలిపోతుంది. మొగుడికి తెలియకుండా ఎక్కడెక్కడో నోట్లు దాస్తుంది. దాన్ని జపనీస్‌లో 'హెసోకురి' అంటారు. మా అమ్మది పోపుల డబ్బా, అడుగున ఆవాల గిన్నె కింద. మా అత్తగారిది బియ్యం డ్రమ్ము. నాది ఎక్కడో రాయను, మా ఆయన కూడా ఇది చదువుతారు.

భర్త హిరోషికి 35. ఇంటి మీద అప్పు తీరడానికి ఇంకా 32 ఏళ్ళుంది. ఎన్ని ఏళ్ళు గడిచినా ఆ 32 తగ్గదు. ఆయన సాక్సుల వాసనకి మనుషులు మూర్ఛపోతారు. ఈ ఎపిసోడ్లు వస్తే మా ఆయన లేచి బాల్కనీలోకి వెళ్ళిపోతారు.

హిరోషిది ఉత్తరాన మంచు కురిసే అకితా. మిసాఎది దక్షిణాన క్యూషూ దీవిలోని కుమమొతొ. ఇద్దరి యాసలూ వేరు, తిండ్లు వేరు. ఇద్దరి నాన్నలకీ క్షణం పడదు, కలిస్తే చాలు కీచులాట. వియ్యంకులు ఎక్కడైనా వియ్యంకులే. నాది రాజమండ్రి, మా ఆయనది వరంగల్ అని చెబితే మిగతా కథ మీకు అర్థమైపోతుంది. మా పెళ్ళిలో విందు దగ్గర పప్పులో పులుపు గురించి మొదలైన చర్చ ఇప్పటికీ తెగలేదు.

మావాడి తెలుగు ఈ రెండు ఊళ్ళ మధ్య పెరిగింది. నాకు అది తెలుసు గానీ, అదొక సమస్య అని షిన్-చాన్ వచ్చేదాకా తట్టలేదు. షిన్-చాన్ మాటలు తప్పుగా పలుకుతాడు. ఎవరైనా దిద్దితే, తడుముకోకుండా 'సో తొమో యూ' అంటాడు. 'అలా కూడా అంటారు' అని. తప్పు చేసినవాడే అవతలివాళ్ళకి ఏదో సడలింపు ఇచ్చినట్టు ఉంటుంది ఆ తీరు. మావాడు దాన్ని పట్టుకున్నాడు.

"నాన్నా, ఉల్లిగడ్డ తీసెయ్."

"ఉల్లిపాయ అనాలి" అన్నాను.

"సో తొమో యూ."

"గోంగూర కలుపుకో, ఒక్క ముద్ద."

"పుంటికూర" అన్నారు మా ఆయన, పేపర్లోంచి తల ఎత్తకుండా.

"సో తొమో యూ" అన్నాడు వాడు, ఈసారి నా వైపు చూసి. నేనేం అనను? నిజంగానే అలా కూడా అంటారు.

అన్నిటికంటే పెద్ద తంటా నువ్వు, మీరు దగ్గర. మా ఇంట్లో తాతగారిని 'మీరు' అనకపోతే భూమి బద్దలవుతుంది. ఒక ఆదివారం వాడు ఫోన్లో ముద్దుగా "తాతగారూ, నువ్వు తిన్నవా?" అన్నాడు. రెండు ఊళ్ళూ ఒక్క వాక్యంలో ఇమిడిపోయాయి. నాన్నగారు ఏమీ అనలేదు గానీ, ఆ 'ఊఁ' లో నాకు తలంటు పోసినట్టయింది. వారమంతా కూర్చోబెట్టి 'మీరు తిన్నారా' నేర్పించాను. తర్వాతి ఆదివారం వాడు ఆ విద్యని తీసుకెళ్ళి వరంగల్‌లో ఉన్న వాళ్ళ బాపమ్మ మీద ప్రయోగించాడు. "బాపమ్మా, మీరు తిన్నారా?" మా అత్తగారి మొహం మాడిపోయింది. "గదేందిరా, గట్ల పిలుస్తున్నవ్? నేను నీకు పరాయిదాన్నైననా?" అని కొంగు కళ్ళకి అద్దుకున్నారు. మా ఆయన నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు, అప్పుడు.

జపనీస్‌లో ఈ మెట్లు ఇంకా ఎక్కువ. ఒక్క 'నేను' కే అరడజను మాటలు. హోయికుఎన్‌లో మగపిల్లలు 'బొకు' అంటారు, కాస్త మొండివాళ్ళు 'ఒరె' అంటారు. షిన్-చాన్ 'ఒరా' అంటాడు, పొలం గట్టు మీంచి మాట్లాడినట్టు ఉంటుంది. మావాడు కొన్నాళ్ళు 'ఒరా' అని తిరిగాడు. సాయంత్రం తీసుకురావడానికి వెళ్తే టీచర్లు నవ్వు ఆపుకుంటూ కనిపించేవాళ్ళు. తెలుగువాళ్ళ పిల్లాడు, కోనసీమ బుగ్గలు, నోట్లో ఆ 'ఒరా'. షిన్-చాన్ స్నేహితుడు కజామా అని ఒకడున్నాడు. ఇంగ్లీషు క్లాసులు, ట్యూషన్లు, పెద్దవాళ్ళు కనిపిస్తే నడుం వంచి మర్యాదలు. మా బిల్డింగులో మన పిల్లలు సగం మంది కజామాలే. మావాడూ అలా అయితే బాగుండునని నేనూ అనుకునేదాన్ని. ఆ కజామా ఇంట్లో ఎవరూ చూడకుండా ఆడపిల్లల మ్యాజిక్ కార్టూన్ చూసి మురిసిపోతాడని తెలిశాక ఆ ఆశ కొంచెం సడలింది.

ఇక అసలు విషయం. ఇక్కడ ఇంట్లోంచి బయటికి వెళ్ళేవాళ్ళు 'ఇత్తెకిమస్' అంటారు. విడదీస్తే 'వెళ్ళి వస్తాను'. ఇంట్లో ఉన్నవాళ్ళు 'ఇత్తెరాష్షాయ్' అంటారు, 'వెళ్ళి రండి'. వచ్చిన కొత్తలో భాష క్లాసులో టీచరు బోర్డు మీద ఇది రాసి విడమరుస్తుంటే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. 'వెళ్తున్నా' అంటే ఆవిడ ఊరుకునేది కాదు. గడప దాటిన మనిషిని వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, 'వెళ్ళొస్తా' అనిపించి పంపేది. క్లాసులో అందరూ బట్టీ పడుతున్న మాట నాకు ఎప్పుడో మంచినీళ్ళతో పాటు దిగిపోయింది.

తిరిగి వచ్చినప్పుడు మాత్రం మనకి అలా ముద్ర కొట్టిన మాటలు లేవు. వీళ్ళకి ఉన్నాయి. వచ్చినవాళ్ళు 'తదాయిమ' అనాలి, ఇప్పుడే వచ్చానని. ఇంట్లోవాళ్ళు 'ఒకాయెరి' అనాలి. మన ఇళ్ళల్లో బడి నుంచి వచ్చిన పిల్ల సంచీ పడేసి "అమ్మా, ఆకలి" అంటుంది. అమ్మ "వచ్చావా" అంటుంది. అంతే.

షిన్-చాన్ చేసేదేమిటంటే, బయటి నుంచి వచ్చి, బూట్లు చెరో దిక్కుకీ విసిరి, వాడే "ఒకాయెరీ" అని అరుస్తాడు. "తదాయిమ అనాలి!" అని లోపల్నుంచి మిసాఎ కేక. ముప్పై ఏళ్ళు దాటింది, ఆ పిల్లాడు నేర్చుకోలేదు, ఆ తల్లి మానలేదు. మావాడూ హోయికుఎన్ నుంచి వచ్చి "ఒకాయెరీ" అనడం మొదలుపెట్టాడు. నేనూ అచ్చం మిసాఎ లాగే "తదాయిమ" అని అరిచేదాన్ని. వాడికి కావలసింది అదే. కొన్నాళ్ళకి నాకు అనుమానమొచ్చి టీచర్ని అడిగాను, అక్కడ కూడా ఇలా తిరగేస్తున్నాడా అని. ఆవిడ ఆశ్చర్యపోయింది. బడిలో ఎప్పుడూ తప్పలేదట. ఎక్కడ ఏది అనాలో తెలిసినవాడే ఇంటికొచ్చి తిరగేస్తున్నాడు. నేను చూస్తున్నానని.

2024 ఆగస్టులో రాజమండ్రి వెళ్ళాం. జపాన్ వాళ్ళ వేసవి సెలవులు మనవాళ్ళ సెలవులు అయిపోయాక వస్తాయి, అక్కడ పోయిన పెద్దల్ని తలుచుకునే ఓబోన్ పండగ సెలవలకి బయల్దేరితే ఇక్కడ పిల్లలు బళ్ళో ఉంటారు. మా అక్క కొడుకు, మూడో తరగతి, సాయంత్రం నాలుగున్నరకి యూనిఫాంతోనే వచ్చి టీవీ పెట్టాడు. మావాడు అప్పటికి వారం రోజులుగా అక్కడ ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. ఊఁ, ఊహూఁ, వద్దు. చుట్టాలందరూ వచ్చి "తెలుగు వచ్చా?" అని అడుగుతుంటే పిల్లలు మరీ బిగుసుకుపోతారు, ఆ ప్రశ్నకి తెలుగులో జవాబేమిటో నాకూ తెలియదు.

టీవీలో షిన్-చాన్ వచ్చాడు. తెలుగులో మాట్లాడాడు.

మావాడు మంచం మీంచి దిగాడు. టీవీ దాకా నడిచి, తెరకి జానెడు దూరంలో నిలబడ్డాడు. "అమ్మా" అన్నాడు మెల్లగా. "షిన్-చాన్‌కి తెలుగొచ్చు."

వాడి లెక్కలో తెలుగు అనేది అమ్మానాన్నలు ఇంట్లో మాట్లాడే భాష, ఫోన్లో ఉండే భాష. ఆదివారం పూట కొందరు ఆంటీలు తెచ్చేది. టీవీలో ఉండే భాష కాదు, ఆటలో పనికొచ్చేది అంతకంటే కాదు. నేను ఎన్ని అక్షరాలు దిద్దించినా, ఎన్ని పద్యాలు వినిపించినా జరగనిది ఆ కొంటెవెధవ వచ్చి చేశాడని ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు కాస్త ఉక్రోషమే. పద్యాలకి నేను పెట్టిన ఓపిక తక్కువ కాదు.

ఆ అబ్బురం రెండు నిమిషాలు కూడా నిలవలేదనుకోండి. తర్వాత తగువు మొదలైంది.

"ఆ గొంతు షిన్-చాన్‌ది కాదు" అన్నాడు మావాడు.

"షించాన్ గొంతు ఇదే" అన్నాడు అక్క కొడుకు. "అసలు వాడు హిందీవాడు. తర్వాత తెలుగు నేర్చుకున్నాడు."

"వాడు మా ఊరివాడు! మా ఇంటి దగ్గర రైలెక్కితే వాళ్ళ ఊరొస్తుంది."

"ఆఁ, నీకు చెప్పాడు మరి."

"షించాన్ కాదు, షిన్... చాన్! చాన్ అంటే... చాన్ అంటే, చిట్టి!"

నేను వంటింట్లో ఉండి వింటున్నాను. ఆ 'చాన్ అంటే చిట్టి' నేను నేర్పింది కాదు. అమ్మమ్మ వాణ్ణి వారంగా చిట్టినాన్నా అని పిలుస్తోంది, అక్కణ్ణుంచి పట్టుకున్నాడు. తర్వాత గంటన్నరసేపు, అక్క కొడుకు చూడని ఎపిసోడ్లన్నీ వాడికి చెప్పుకొచ్చాడు. రాని మాట దగ్గర ఆగి చేతులతో చేసి చూపించాడు, మధ్యలో జపనీస్ దొర్లింది, సాక్సుల వాసనకి మనుషులు పడిపోయే ఎపిసోడు దగ్గర ఇద్దరూ నేల మీద దొర్లారు. మా నాన్నగారు పడక్కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఆ గంటన్నరలో పేజీ తిప్పలేదు.

తిరిగొచ్చాక, నిరుడు వసంతకాలంలో ఒక ఆదివారం, ఇచ్చిన మాట ప్రకారం కసుకబె తీసుకెళ్ళాం. సైతామా రాష్ట్రంలో ఊరు, రచయిత ఉసుయి పెరిగిన ఊరు, షిన్-చాన్ ఉండే ఊరు. నిషికసాయిలో తోజాయి లైను ఎక్కి కయాబాచోలో హిబియా లైనుకి మారితే, ఆ రైలే తోబు పట్టాల మీదికెళ్ళి కసుకబెలో దింపుతుంది. స్టేషన్లో రైలు కదిలేముందు మోగే సంగీతం షిన్-చాన్ పాత పాట బాణీ. ప్లాట్‌ఫాం మీద మావాడు చెవులు రిక్కించి నిలబడ్డాడు. నాలుగు రైళ్ళు వచ్చిపోయేదాకా కదల్లేదు.

స్టేషన్ దాటాక ఊరు మామూలు ఊరు. రెండంతస్తుల ఇళ్ళు, సైకిళ్ళు, బాల్కనీల్లో ఆరేసిన పరుపులు. "వాళ్ళిల్లు ఏది?" అని ప్రతి సందులోనూ అడిగాడు. ఏ ఇల్లు చూసినా అదే అన్నట్టుంది, వాడికి అదే కష్టమైంది. మా ఆయన మనసు ఇంకోచోట ఉంది. అక్కడ నేల కింద 50 మీటర్ల లోతున వరదనీళ్ళని మళ్ళించే 6.3 కిలోమీటర్ల సొరంగం ఉంది. 18 మీటర్ల ఎత్తున్న 59 స్తంభాలతో గుడిలా ఉండే తొట్టి ఒకటుంది. ఒక్కో స్తంభం 500 టన్నులట. దారంతా ఆ స్తంభాల గురించే చెప్పారు. ముందుగా బుక్ చేసుకోవాలన్న సంగతి మాత్రం అక్కడికెళ్ళాక గుర్తొచ్చింది. మే 3న, 5న ఎదొగవా నది ఒడ్డున 15 మీటర్ల పొడవు, 800 కిలోల బరువున్న గాలిపటం ఎగరేస్తారు. మా వార్డుకి పేరిచ్చిన నదే అది. ఆ రోజులూ కావు. మొత్తానికి మేం కసుకబె వెళ్ళి, రైలు పాట విని, ఐస్‌క్రీం తిని వచ్చాం.

రైల్లో అడిగాడు. "షిన్-చాన్‌ని గీసే ఆయన ఇల్లు ఏది?"

ఆయన లేరని చెప్పాను. 2009 సెప్టెంబరులో కొండ ఎక్కడానికి వెళ్ళి, అరఫునె పర్వతం మీంచి పడి పోయారని. కాసేపు కిటికీ వైపు చూశాడు.

"అయితే షిన్-చాన్‌కి ఇప్పుడు నాన్న లేడా?"

"ఆయన దగ్గర పనిచేసినవాళ్ళు గీస్తున్నారు" అన్నారు మా ఆయన. గొంతు కూడా మారింది, 2018లో. పాతిక ఏళ్ళకి పైగా షిన్-చాన్‌కి గొంతిచ్చిన యజిమా అకికొ మానేశాక ఇంకొకావిడ వచ్చారు. అది వాడికి చెప్పలేదు. ఒక రోజుకి అది చాలు.

2025 ఆగస్టులో కొత్త సినిమా వచ్చింది, షిన్-చాన్ బృందం డాన్సు చేయడానికి ఇండియా వెళ్ళే కథ. సెలవలైపోయాక క్లాసులో పిల్లలు మావాణ్ణి చుట్టుముట్టి "నీకూ ఆ డాన్సు వచ్చు కదా" అన్నారు. వచ్చు అన్నాడు. రాదు. రాత్రికి రాత్రి వాళ్ళ నాన్న వరంగల్ బారాత్ స్టెప్పులు నేర్పారు. కింది ఫ్లాటువాళ్ళకి మర్నాడు నేను ఒక డబ్బా బిస్కట్లు పట్టుకెళ్ళి ఇచ్చాను.

ఇప్పుడు ఒకటో తరగతి. ఇక్కడ పిల్లలు బడికి తమంతట తామే నడిచి వెళ్ళాలి, వీపు మీద తమకంటే పెద్ద రందొసెరు సంచీ. షిన్-చాన్‌కి ఇంకా అయిదే, వీడికి ఆరు దాటాయి. "వాడు నాకంటే చిన్నోడైపోయాడమ్మా" అన్నాడు మొన్న, జాలిగా. నేనూ మిసాఎని దాటేసి హిరోషి వయసుకొచ్చాను. ఆ లెక్క వాడికి చెప్పలేదు.

పొద్దున గుమ్మం దగ్గర "వెళ్ళొస్తా" అంటాడు. "వెళ్ళిరా నాన్నా" అంటాను. మొదటి నెలంతా బాల్కనీ నుంచి ఆ పసుప్పచ్చ టోపీ మలుపు తిరిగేదాకా చూసేదాన్ని.

గత బుధవారం ఇంటి నుంచే పని. మూడింటికి తలుపు చప్పుడైంది. బూట్లు ఒకటి గోడకీ, ఒకటి చెప్పుల అరకీ తగిలిన శబ్దం. నేను నోరు తెరిచేలోపే నడవాలోంచి కేక.

"వచ్చావా, అమ్మా!"

నేను ఎక్కడికి వెళ్ళానురా అనబోయాను. పొద్దుట్నుంచీ ఇదే కుర్చీలో ఉన్నాను. అప్పుడు అర్థమైంది.

"అది నేను కదరా అనాల్సింది!"

సంచీ నేల మీద పడేసి, నీళ్ళ సీసా సింకులో పెట్టి, ఫ్రిజ్ తెరిచి లోపలికి తొంగిచూస్తూ అన్నాడు.

"అలా కూడా అంటారు. ఆకలేస్తోంది."